దారి లేని లైసెన్సు: స్కల్ వ్యాలీ అణు ఇంధన రైలు లైను కేస్ స్టడీ

2006 ఫిబ్రవరి 21న ప్రైవేట్ ఫ్యూయల్ స్టోరేజ్ అనే కంపెనీకి అమెరికా అణు నియంత్రణ కమిషన్ (ఎన్ఆర్‌సీ) లైసెన్సు ఇచ్చింది. యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీకి నైరుతిగా 50 మైళ్ళ దూరాన, 40,000 మెట్రిక్ టన్నుల వాడేసిన అణు ఇంధనాన్ని ఆరుబయట కాంక్రీటు అరుగుల మీద నిలిపి ఉంచడానికి అది అనుమతి. దరఖాస్తు పెట్టిన ఎనిమిదిన్నరేళ్ళకు వచ్చిన కాగితం. తీరా చూస్తే, దానికి ఆరు వారాల ముందే, జనవరి 6న, ఆ ఇంధనం రావాల్సిన రైలు దారికి అడ్డంగా ఒక చట్టం వచ్చి కూర్చుంది. లైసెన్సు ఉంది, దారి లేదు.

రైలు, రోడ్డు, పైపులైను లాంటి పొడవాటి ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాయడం నా వృత్తి. ఈ కేసులో నాకు ఏ పాత్రా లేదు. నివేదిక, ఉత్తర్వులు, తీర్పులు చదివి తెలుసుకున్నదే రాస్తున్నాను. అయినా మా పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళ చేతికి మొదట ఇచ్చేది ఈ ఫైలే. ఎందుకంటే ఇందులో విచారణలో ఓడిపోయిన అభ్యంతరమే చివరికి లైనును ఆపింది. అందరూ గొంతు చించుకున్న రేడియేషన్ వాదం పట్టాల దాకా వచ్చేసరికి పెద్దగా పని చేయలేదు.

ఇంధనం ఎందుకు కదలాల్సి వచ్చింది

1982 నాటి అణు వ్యర్థాల చట్టం కింద కుదిరిన ఒప్పందాల ప్రకారం 1998 జనవరి 31 నుంచి వాడేసిన ఇంధనాన్ని ప్రభుత్వమే తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళలేదు. రియాక్టర్ల పక్కనున్న నీటి కొలనులు నిండిపోతుంటే ఎనిమిది విద్యుత్ కంపెనీలు కలిసి సొంతంగా ఒక నిల్వ స్థలం చూసుకున్నాయి. ఆ స్థలం స్కల్ వ్యాలీ గోషూట్ అనే మూలవాసి తెగ రిజర్వేషన్‌లో, అంటే తెగకు కేటాయించిన నేలలో, ఉంది. తెగ మొత్తం సుమారు 120 మంది, వాళ్ళ నేల దాదాపు 18,000 ఎకరాలు. 1997 మేలో లీజు కుదిరింది, జూన్‌లో ఎన్ఆర్‌సీకి దరఖాస్తు వెళ్ళింది. తెగలో కొందరికి ఇది బతుకుతెరువు, కొందరికి ఇది తాతల నేలకు చేసే ద్రోహం. ఆ గొడవ తెగ లోపలే చాలా ఏళ్ళు నడిచింది.

మొత్తం 4,000 కాస్క్‌లు. కాస్క్ అంటే గోడలు మందంగా ఉండే పెద్ద ఉక్కు పీపా. ప్రయాణానికి వాడేది ఒక్కొక్కటి నూరు టన్నులు దాటుతుంది. మామూలు లారీ మీద పోయేది కాదు. ఇరవై ఏళ్ళలో అన్నీ చేరాలంటే ఏడాదికి 200. బండికి మూడు నాలుగు చొప్పున వేసుకున్నా వారానికి ఒకటి, రెండు బండ్లు. రైల్వే లెక్కల్లో ఇది లెక్కలోకి రాని రద్దీ. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

యూనియన్ పసిఫిక్ వాళ్ళ మెయిన్ లైను లోయకు ఉత్తరపు అంచున, ఇంటర్‌స్టేట్ 80 పక్కనే పోతుంది. అక్కణ్ణుంచి రిజర్వేషన్ దాకా చేర్చడమే సమస్య. కంపెనీ మొదట చూసుకున్న దారి లోయకు తూర్పు వైపున్న స్కల్ వ్యాలీ రోడ్డు పక్క నుంచి. 1998 ఆగస్టులో దాన్ని మార్చి పడమటి వైపు, సీడార్ కొండల పాదాల వెంట 32 మైళ్ళ కొత్త లైను చూపించింది. రికార్డుల్లో దాని పేరు 'లో' కారిడార్. తెలుగులో రాస్తే విభక్తిలా కనిపిస్తుంది కానీ అది మెయిన్ లైను మీది ఒక చోటు పేరు. ఇక్కణ్ణుంచి దాన్ని పడమటి లైను అనే అంటాను. రైలు కుదరకపోతే రెండో మార్గంగా మెయిన్ లైను మీదే ఉన్న టింపీ అనే చోటు దగ్గర కాస్క్‌లను దించి, భారీ ట్రెయిలర్ల మీద 26 మైళ్ళు రోడ్డున నెమ్మదిగా లాక్కెళ్ళే ఏర్పాటును కూడా దరఖాస్తులో ఉంచారు.

పడమటికి ఎందుకు జరిపారో ఊహించడం కష్టం కాదు. తూర్పున పశువుల రాంచ్‌లు, ఇళ్ళు, రోడ్డు మీద మనుషులు. పడమట దాదాపు అంతా బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (బీఎల్ఎం) చేతిలోని ప్రభుత్వ భూమి. ఇళ్ళు లేవు, భూసేకరణ తలనొప్పి లేదు, ఒకే ఒక్క యజమాని. కాగితం మీద ఇంతకన్నా శుభ్రమైన ఎలైన్‌మెంట్ (లైను పోయే గీత) దొరకదు. నేనున్నా అదే గీసేవాణ్ణేమో. కానీ మనుషుల దగ్గర్నుంచి దూరం జరిగే కొద్దీ లైను మరో రకం అభ్యంతరానికి దగ్గరవుతుంది. జనం లేని చోటు కావాలనుకునేది రైల్వే ఇంజనీరు ఒక్కడే కాదు.

లోయ ఎలాంటిది

తూర్పున స్టాన్స్‌బరీ కొండలు, పడమట సీడార్ కొండలు, మధ్యన ఉప్పునేల, పొదలు, గడ్డి. 1846లో డోనర్ బృందం బండ్లు పడమటికి పోయిన హేస్టింగ్స్ దారి ఈ లోయనే దాటి సీడార్ కొండలెక్కుతుంది. కొత్త లైను ఆ పాత బండి బాటను అడ్డంగా కోసుకుపోతుంది. లోయకు దక్షిణాన డగ్‌వే సైనిక ప్రయోగ క్షేత్రం, పడమటి ఎడారిలో వైమానిక దళం బాంబులు వేసి సాధన చేసే యూటా టెస్ట్ అండ్ ట్రైనింగ్ రేంజ్. 1968 మార్చిలో డగ్‌వేలో నరాల మీద పనిచేసే విషవాయువు ప్రయోగం జరిగాక ఈ లోయలో వేల గొర్రెలు చచ్చిపడ్డాయి. లెక్క ఆరు వేల దాకా చెబుతారు. 'ప్రమాదమేమీ లేదు' అని ప్రభుత్వం చెప్పే మాట ఇక్కడ ఎందుకు చెల్లదో తెలియాలంటే ఆ గొర్రెల కథ తెలియాలి. నివేదికల్లో ఇలాంటివి 'నేపథ్యం' అనే అధ్యాయంలో రెండు వాక్యాలుగా మిగులుతాయి. అభ్యంతరం చెప్పేవాడి మాటలో మాత్రం అదే మొదటి వాక్యం.

అభ్యంతరాలను విడదీసి చూస్తే

రైలు లైను మీద వచ్చినవన్నీ ఒకే గాటన కట్టడం కుదరదు. కొన్ని బండిలో ఉన్న సరుకు మీదివి. కొన్ని పట్టాల మీదివి. సరుకు బొగ్గయినా గోధుమలయినా ఈ రెండో రకం మారవు. పర్యావరణ నివేదికల్లో ఈ రెంటినీ కలగలిపితే ఏదో ఒకటి మరుగున పడుతుంది. సాధారణంగా మరుగున పడేది రెండోది.

సరుకు సంగతి ముందు ముగిద్దాం. ప్రయాణ కాస్క్‌కు పరీక్షలు రాసిపెట్టి ఉన్నాయి: 9 మీటర్ల ఎత్తు నుంచి కదలని గట్టి తలం మీద పడాలి, ఉక్కు గుంజ మీద మీటరు ఎత్తు నుంచి పడాలి, 800 డిగ్రీల సెల్సియస్ మంటలో 30 నిమిషాలు ఉండాలి, నీట మునగాలి. బండి పక్కన 2 మీటర్ల దూరంలో రేడియేషన్ గంటకు 10 మిల్లీరెమ్ (మోతాదు కొలమానం) దాటకూడదు. 2001 జులైలో బాల్టిమోర్‌లోని హోవార్డ్ స్ట్రీట్ సొరంగంలో రసాయనాలు తీసుకెళ్తున్న గూడ్సు బండి తగలబడి రోజుల తరబడి కాలింది. అరగంట మంట పరీక్ష చాలుతుందా అన్న ప్రశ్న ఆ తర్వాత దేశమంతా వినిపించింది. ఎన్ఆర్‌సీ ఆ మంటలో కాస్క్ ఉండి ఉంటే ఏమయ్యేదో లెక్కలు వేయించింది కూడా. మంచి ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న వేల మైళ్ళ మెయిన్ లైనుకు చెందుతుంది, మనుషుల్లేని లోయలోని చివరి 32 మైళ్ళకు కాదు. ఇక్కడ సొరంగాలు లేవు, పక్కన ఇళ్ళు లేవు, ఎదురొచ్చే గూడ్సు లేదు. రేడియేషన్ మోతాదు లెక్కకట్టే మోడల్‌లో ఈ ముక్క వాటా సున్నాకు దగ్గర. నివేదిక రాసినవాళ్ళు అదే రాశారు, అది తప్పు కాదు.

పట్టాల సంగతికొస్తే కథ మారుతుంది. 200 అడుగుల వెడల్పు హద్దు, 32 మైళ్ళ పొడవు: గుణిస్తే 776 ఎకరాలు. నిర్మాణంలో తొక్కి పాడయ్యేది అంత. కట్ట, పట్టాలు శాశ్వతంగా ఆక్రమించేది 155 ఎకరాలు. నివేదికలో అంకెలు ఇలాగే కనిపిస్తాయి, చూడగానే చిన్నవిగా కూడా అనిపిస్తాయి. 32 మైళ్ళ గీతను ఎకరాల్లో చెప్పడమే ఒక రకం దాపరికం అని నేనంటాను. ఎవరూ కావాలని చేసింది కాదు, మా వృత్తిలో అలవాటైపోయింది. లైను ఆక్రమించేది తక్కువ, విడదీసేది ఎక్కువ. కొండవాలు మేత ఒక వైపు, లోయలోని నీళ్ళు మరో వైపు అయితే పశువులకు ఆ 155 ఎకరాలతో పని లేదు, అడ్డంగా ఉన్న కట్టతోనే పని. సీడార్ కొండల అడవి గుర్రాలకూ అంతే. బొరియల్లో ఉండే గుడ్లగూబకు, కిట్ నక్కకు, చిన్న చిన్న ఎలుకజాతి జంతువులకు కట్ట ఒక గోడ, దాని మీద వాలే గద్దకు అదొక మంచి అరుగు.

గడ్డి, నిప్పు

ఈ కేసులో నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది నిప్పు. గ్రేట్ బేసిన్ ఎడారుల్లో పొదల మధ్య పూర్వం ఖాళీ నేల ఉండేది. ఒక పొద అంటుకుంటే పక్క పొదకు నిప్పు పాకేది కాదు. బయటి నుంచి వచ్చిన చీట్‌గ్రాస్ అనే గడ్డి ఆ ఖాళీలను నింపేసింది. శరత్తు, శీతాకాలాల్లో మొలుస్తుంది, వసంతంలో నీళ్ళన్నీ తాగేస్తుంది, వేసవి మొదలవగానే ఎండి చిదుగులా తయారవుతుంది. ఒకసారి కాలితే సేజ్ పొదలు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది, చీట్‌గ్రాస్ మరుసటి ఏడే వస్తుంది. దాంతో మళ్ళీ కాలుతుంది. నేలను తవ్వి గుల్లచేసిన చోటల్లా ముందు మొలిచేదీ అదే. కొత్త రైలు కట్ట అంటే 32 మైళ్ళ పొడవున తవ్వి గుల్లచేసిన నేల.

దానికి తోడు రైలే నిప్పు తెస్తుంది. బ్రేకు దిమ్మల నుంచి రాలే వేడి తునకలు, ఇంజిను పొగగొట్టం నుంచి ఎగిరే కర్బన రవ్వలు, పట్టాలను సానబట్టేటప్పుడు లేచే నిప్పు. రైల్వేల్లో పనిచేసినవాళ్ళకు ఇవేవీ వింత కాదు. అదే సమయంలో రాళ్ళు పరిచిన కట్ట, గడ్డి తీసేసిన పక్క భూమి మంటకు అడ్డుకట్టగా కూడా పనిచేస్తాయి. ఆ వాదనలోనూ నిజముంది. చిక్కల్లా ఇక్కడే: ఒకే కట్ట మంటను పుట్టిస్తుందా, ఆపుతుందా అన్నది కట్ట మీద ఆధారపడి ఉండదు. దాని పక్కన గడ్డిని ఎవరు, ఏటా ఏ నెలలో, ఎన్నేళ్ళ పాటు తీస్తారన్న దాని మీద ఉంటుంది. వారానికి ఒకటి రెండు బండ్లు నడిచే లైను అని ముందు చెప్పాను కదా. అంత తక్కువ రద్దీ ఉన్న లైను మీద రవ్వలు తక్కువే. కానీ అలాంటి లైను పక్కన గడ్డి కోతకు ఏటా డబ్బు పెట్టే ఓపిక కూడా తక్కువే. రద్దీ తక్కువ కాబట్టి ప్రభావం తక్కువ అనే తర్కం నేను ఎన్ని నివేదికల్లో చూశానో లెక్క లేదు. కొన్నిట్లో రాసింది నేనే.

ఎస్‌యూడబ్ల్యూఏ వాదం

1998 నవంబరులో సదరన్ యూటా వైల్డర్‌నెస్ అలయన్స్ (ఎస్‌యూడబ్ల్యూఏ) అనే సంస్థ ఎన్ఆర్‌సీ విచారణలో చేరతామని పిటిషన్ పెట్టింది. గడువు దాటాకే వచ్చింది, కానీ లైను మారిందే ఆగస్టులో కాబట్టి ఆలస్యాన్ని క్షమించారు. వాళ్ళకు రేడియేషన్ గొడవతో పని లేదు. వాళ్ళన్నది ఒకటే: ఉత్తర సీడార్ కొండల ప్రాంతానికి మనిషి చేయి పడని సహజ స్వభావం ఉంది, దాన్ని కాపాడేలా లైనుకు వేరే దారులు చూడాలని చట్టం అడుగుతుంది, మీరు చూడలేదు.

ఇక్కడ వైల్డర్‌నెస్ అనే మాటకు చట్టంలో ఉన్న అర్థం తెలియాలి. 1964 నాటి చట్టం ప్రకారం కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ప్రకటించిన వైల్డర్‌నెస్‌లో శాశ్వత రోడ్లు, వాణిజ్య కట్టడాలు కుదరవు. ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది మాత్రమే. 1976 నాటి ప్రభుత్వ భూముల చట్టం కింద బీఎల్ఎం తన భూములను వెతికి, అర్హత ఉన్నవాటిని 'అధ్యయన ప్రాంతాలు'గా గుర్తించి, కాంగ్రెస్ తేల్చేదాకా పాడవకుండా చూడాలి. సీడార్ కొండల్లో కొంత భాగం అలా అధ్యయన ప్రాంతంగా ఉంది. లైను దాన్ని ముట్టుకోలేదు. లైను పోయే ఉత్తరపు ముక్క అందులో లేదు. ఆ ముక్కకు కూడా అర్హత ఉందన్నది సంస్థ వాదం, లేదన్నది బీఎల్ఎం తేల్చిన మాట.

ఎన్ఆర్‌సీ కింద విచారణ నడిపే లైసెన్సింగ్ బోర్డు 1999 ఫిబ్రవరిలో ప్రత్యామ్నాయాల అభ్యంతరాన్ని విచారణకు తీసుకుంది. సంస్థకు అసలు అడిగే హక్కుందా అన్న దాని మీద అప్పీలు ఎన్ఆర్‌సీ కమిషన్ దాకా వెళ్ళింది. ఆ ప్రాంతానికి తరచూ వెళ్ళే సభ్యుడు ఉన్నాడు, లైను పడితే అతని అనుభవం చెడుతుంది, అది చాలు అంది కమిషన్. అణు వ్యవహారం నడిచే గదిలోకి కొండల్లో తిరిగే మనిషి అనుభవం సాక్ష్యంగా రావడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

తుది పర్యావరణ నివేదిక 2001 చివర వచ్చింది. ఎన్ఆర్‌సీ ముందుండి రాసింది, బీఎల్ఎం, ఇండియన్ వ్యవహారాల బ్యూరో, కొత్త రైల్వే లైన్లకు అనుమతులిచ్చే సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు భాగస్వాములు. అంటే ఒక నివేదిక, నాలుగు సంతకాలు. 2002లో విచారణ, 2003లో తీర్పు: ప్రత్యామ్నాయాలను చూసిన తీరు చట్టానికి సరిపోతుంది. అభ్యంతరం ఓడిపోయింది.

తీర్పును తప్పు పట్టలేను. జాతీయ పర్యావరణ విధాన చట్టం, అంటే నెపా, సహేతుకమైన ప్రత్యామ్నాయాలను చూడమంటుంది. అన్నిటినీ చూడమనదు, మంచిదాన్నే ఎంచుకోమని అసలే అనదు. 1989లో సుప్రీంకోర్టు రాబర్ట్‌సన్ కేసులో ఇదే తేల్చింది: ఆ చట్టం పద్ధతిని శాసిస్తుంది, ఫలితాన్ని కాదు. ఆ కొలత ప్రకారం పడమటి లైను నివేదిక పాసయింది. కంపెనీ వాళ్ళు ఆ రోజు ఫైలు మూసి ఊపిరి పీల్చుకునే ఉంటారు. అయితే నాలుగు సంతకాల్లో ఎన్ఆర్‌సీది ఒక్కటే. నేల బీఎల్ఎంది.

ముందరి కాళ్ళకు బంధం

ప్రభుత్వ భూమిలో లైను వేయాలంటే బీఎల్ఎం దారి హక్కు ఇవ్వాలి. అది ఇవ్వాలంటే ఆ ప్రాంతపు భూ వినియోగ ప్రణాళికలో ఆ లైనుకు చోటుండాలి. ఆ ప్రణాళిక పేరు 'పోనీ ఎక్స్‌ప్రెస్', అందులో ఈ లైనుకు చోటు లేదు. కాబట్టి ప్రణాళికను సవరించాలి. 1999 అక్టోబరులోనే ఒక రక్షణ బడ్జెట్ చట్టంలో చిన్న నిబంధన ఒకటి చేరింది: వైమానిక రేంజ్ చుట్టుపక్కల భూముల మీద సైనిక అవసరాల అధ్యయనం పూర్తయ్యేదాకా బీఎల్ఎం ప్రణాళికలు సవరించకూడదు. అణు ఇంధనం మాట లేదు, రైలు మాట లేదు. లైనుకు మాత్రం ముందరి కాళ్ళకు బంధం పడింది. అంటే విచారణ జరుగుతున్న ఏళ్ళన్నీ, పర్యావరణ నివేదిక అచ్చవుతున్న ఏళ్ళన్నీ, దారి హక్కుకు కావాల్సిన సవరణ కదలని స్థితిలోనే ఉంది.

ఈలోపు రాష్ట్ర ప్రభుత్వం వేరే దారిలో పోరాడింది. రోడ్ల మీద అదుపు, భారీ బీమా, ఫీజులు అంటూ చట్టాలు చేసింది. అణు భద్రత కేంద్రం పని, రాష్ట్రం వేలు పెట్టకూడదని 2004లో టెన్త్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు వాటిని కొట్టేసింది. రేడియేషన్ భయం పేరుతో రాష్ట్రం కట్టిన గోడలన్నీ ఇలాగే కూలాయి.

నిలబడిన గోడ మరోటి. 2006 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో సీడార్ మౌంటెన్ వైల్డర్‌నెస్ పేరిట సుమారు 1,00,000 ఎకరాలను కాంగ్రెస్ ప్రకటించింది. యూటా కాంగ్రెస్ సభ్యుడు రాబ్ బిషప్ దాని వెనక ప్రధానంగా నిలబడ్డాడు. వైల్డర్‌నెస్ అనే మాటంటేనే మామూలుగా గిట్టని యూటా రాజకీయ నాయకులు, వాళ్ళంటే గిట్టని పర్యావరణవాదులు ఆ ఒక్కసారి ఒకే మ్యాపు మీద కలిశారు. పైన యుద్ధవిమానాలు తక్కువ ఎత్తులో ఎగరడానికి అభ్యంతరం లేదని అదే చట్టంలో రాసుకున్నారు. సహజ ప్రశాంతతకు ఎఫ్-16 అడ్డు కాదు, వారానికి ఒక గూడ్సు బండి అడ్డు. నవ్వొస్తుంది గానీ ఆ మ్యాపు పని చేసింది. లైను పోయే ఉత్తరపు ముక్క ఇప్పుడు హద్దుల లోపల ఉంది. సంస్థ 1998లో అడిగిందీ, బోర్డు 2003లో కాదన్నదీ ఆ ముక్క గురించే.

2006 సెప్టెంబరు 7న అంతర్గత వ్యవహారాల శాఖ (బీఎల్ఎం, ఇండియన్ వ్యవహారాల బ్యూరో దీని కిందివే) రెండు నిర్ణయాలు ప్రకటించింది, దారి హక్కు మీద ఒకటి, లీజు మీద ఒకటి. రైలు లైను వైల్డర్‌నెస్ వల్ల కుదరదు. టింపీ దగ్గర దించి రోడ్డున తీసుకెళ్ళే ఏర్పాటు ప్రజా ప్రయోజనానికి తగదు. లీజు కూడా చెల్లదు, ఎందుకంటే ఆ ఇంధనం తిరిగి ఎప్పుడు వెళ్తుందో ఎవరికీ తెలియదు. 2010 జులైలో ఫెడరల్ కోర్టులో న్యాయమూర్తి డేవిడ్ ఎబెల్ ఈ నిర్ణయాలను కొట్టేసి మళ్ళీ చూడమన్నాడు, కారణాలు సరిగా చూపలేదని. కంపెనీ, తెగ గెలిచాయి. కానీ కోర్టు కొట్టేసింది శాఖ నిర్ణయాన్ని, కాంగ్రెస్ చట్టాన్ని కాదు. వైల్డర్‌నెస్ అక్కడే ఉంది. 2012 డిసెంబరులో కంపెనీ తన లైసెన్సు రద్దు చేయమని ఎన్ఆర్‌సీకి ఉత్తరం రాసింది.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. గోషూట్ తెగ తన నేల మీద ఏం చేసుకోవాలన్నది తెగ నిర్ణయం. దాన్ని నేరుగా 'వద్దు' అనడం ఎవరికైనా కష్టం. వైల్డర్‌నెస్ హద్దు ఆ కష్టం లేకుండా చేసింది. రిజర్వేషన్‌లో ఒక్క అంగుళం ముట్టుకోకుండా రిజర్వేషన్‌కు వెళ్ళే దారిని తీసేసింది. కొండలను కాపాడటం నిజమే, తెగ మాటను చెల్లకుండా చేయడమూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచే కథనాలు రెండు వైపులా ఉన్నాయి.

ఫైలులో ఏం ఉండాల్సింది

ఎన్ఆర్‌సీ నివేదిక చెడ్డది కాదు. జంతువులు, చరిత్ర, నిప్పు అన్నీ ఉన్నాయి. లేనిది కాలం. నేల హోదా ఈ రోజు ఏమిటో ఉంది. రేపు ఎవరు మార్చగలరు, మార్చడానికి ఎవరు తిరుగుతున్నారు అన్నది లేదు. ఆ కొండల మీద వైల్డర్‌నెస్ ప్రతిపాదనలు ఏళ్ళుగా నలుగుతున్నాయి. విచారణలోనే ఒక పక్షం ఆ మాట పట్టుకుని కూర్చుంది. దాన్ని 'చట్టపరంగా ఇంకా లేదు' అని పక్కన పెట్టారు. చట్టపరంగా సరే. ప్రాజెక్టు ప్రమాదాల లెక్కలో అది మొదటి వరుసలో ఉండాలి.

నేనూ ఇదే తప్పు చేశాను. వృత్తిలో తొలి రోజుల్లో ఒక క్లయింటు కోసం ఒక లైను నివేదికలో 'కారిడార్‌లో రక్షిత భూములు లేవు' అని రాశాను. రాసిన రోజుకు అక్షరాలా నిజం. హద్దు మార్పు ప్రతిపాదన అప్పటికే సంబంధిత ఆఫీసులో బల్ల మీద ఉంది, నేను అడగలేదు. ఏడాదిన్నర తర్వాత ఎలైన్‌మెంట్ మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నా మ్యాపుల్లో ఒక పొర అదనంగా ఉంటుంది: ప్రకటించిన రక్షిత భూములు కాదు, ఎవరో ప్రకటించమని అడుగుతున్న భూములు. ఆ పొర గీసేటప్పుడు అభ్యంతరం చెప్పేవాళ్ళ ఉత్తరాలే ముఖ్యమైన ఆధారం. వాళ్ళు ఏ ముక్కను కాపాడాలంటున్నారో అదే రేపటి మ్యాపు.

రెండోది ప్రత్యామ్నాయం. దారిని కొంచెం తూర్పుకు జరిపి వివాదం ఉన్న ముక్కను తప్పించే ఎలైన్‌మెంట్‌ను, ఖర్చు ఎక్కువైనా, పూర్తి స్థాయిలో లెక్కగట్టి పక్కన ఉంచుకుని ఉంటే 2006లో కంపెనీ చేతిలో ఒక కాగితమైనా ఉండేది. కోర్టులో నెగ్గడానికి ఆ పని అక్కర్లేదు. లైను వేయడానికి అక్కర్లేదని మాత్రం నేననను.

నెవాడాలో ఇదే కథ, పెద్ద సైజులో

వాడేసిన ఇంధనం కోసం ప్రభుత్వం తలపెట్టిన యక్కా మౌంటెన్ భూగర్భ నిల్వకు ఇంధన శాఖ 2004 ఏప్రిల్‌లో నెవాడాలో కాలియెంటే కారిడార్‌ను ఎంచుకుంది. పొడవు 319 మైళ్ళు. స్కల్ వ్యాలీ లైనుకు పది రెట్లు. అక్కడ సరుకు మీద, పట్టాల మీద అభ్యంతరాలతో పాటు నీళ్ళ గొడవ తోడైంది. కట్ట కుదించడానికి ఎడారిలో వందకు పైగా కొత్త బోర్లు కావాలి, నెవాడాలో నీటి హక్కు రాష్ట్రం చేతిలో ఉంది. మరో దారిగా మినా మార్గం చూద్దామంటే అది వాకర్ రివర్ పైయూట్ తెగ నేల మీదుగా పోవాలి. 2007లో తెగ వెనక్కు తగ్గింది, ఆ దారి అక్కడితో ఆగింది.

కాలియెంటే దారి గార్డెన్ వ్యాలీ అనే లోయలోంచి పోతుంది. మైకేల్ హైజర్ అనే శిల్పి 'సిటీ' పేరుతో దశాబ్దాల పాటు మట్టితో, కాంక్రీటుతో మైలున్నర పొడవున కట్టిన శిల్పం ఆ లోయలోనే ఉంది. 2015 జులైలో అధ్యక్షుడు ఒబామా ఆ లోయతో సహా 7,04,000 ఎకరాలను బేసిన్ అండ్ రేంజ్ జాతీయ స్మారకంగా, అంటే రక్షిత భూమిగా, ప్రకటించాడు. యక్కా మౌంటెన్ దరఖాస్తును ప్రభుత్వం 2010లోనే వెనక్కు తీసుకోబోయింది కాబట్టి ఈ ప్రకటనే లైనును ఆపిందనడం అతి అవుతుంది. కానీ రేపెవరైనా ఆ ప్రాజెక్టును లేపాలనుకుంటే ముందు తగిలేది ఆ హద్దే. రెండు రాష్ట్రాలు, రెండు లైన్లు, పని చేసిన ఆయుధం ఒకటే: నేల హోదా.

ఇప్పుడైతే?

2025 మే 29న సుప్రీంకోర్టు యూటాలోనే మరో రైలు లైను మీద తీర్పిచ్చింది. అది యూయింటా బేసిన్‌లో ముడి చమురు కోసం తలపెట్టిన 88 మైళ్ళ లైను, దాని నివేదిక 3,600 పేజీలకు పైనే. రైలు లైను ప్రభావాలు చూడాలి తప్ప ఆ లైను వల్ల ఒక కొసన తవ్వే చమురు, మరో కొసన నడిచే రిఫైనరీల ప్రభావాలు చూడనక్కర్లేదని, ఏజెన్సీ నిర్ణయాలకు కోర్టులు బాగా గౌరవమివ్వాలని 8-0తో తేల్చింది. అంతకుముందే 2023లో కాంగ్రెస్ నివేదికలకు 150 పేజీలు, రెండేళ్ళు అని పరిమితి పెట్టింది. చాలా క్లిష్టమైనవాటికి 300 పేజీలు.

ఈ రెండు మార్పుల తర్వాత స్కల్ వ్యాలీ అభ్యంతరాన్ని నేడు పెట్టి ఉంటే, 2003లో ఓడినదానికన్నా ముందే, ఇంకా సులువుగా ఓడేది. మా క్లయింట్లు ఇది విని సంతోషిస్తారు. వాళ్ళకు నేను సీడార్ కొండల మ్యాపు తీసి చూపిస్తాను. ఆ తీర్పు నెపా గురించి. బీఎల్ఎం దారి హక్కు వేరే చట్టం, వైల్డర్‌నెస్ మరో చట్టం. 32 మైళ్ళ గీత ఉత్తరపు కొసకు దగ్గరగా ఆ హద్దును తాకే చోట 2006లో ఎలా ఆగిపోయిందో ఇవాళ గీసినా అక్కడే ఆగుతుంది. కాస్క్‌లు ఇంకా రియాక్టర్ల పక్కనే ఉన్నాయి.